దంత ఇంప్లాంట్: మన్నిక, సంరక్షణ

పన్ను పోయిన చోట దవడ ఎముకలోకి బిగించే టైటానియం మరను దంత ఇంప్లాంట్ అంటారు. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న స్తంభం, ఆ స్తంభం మీద పంటి ఆకారంలో క్యాప్ వస్తాయి. మర పంటి వేరు చేసే పని చేస్తుంది, క్యాప్ నములుతుంది, రెంటినీ కలిపి పట్టేది సుమారు 2 మిల్లీమీటర్ల లావుండే ఒక స్క్రూ. ఒక్క పన్ను పోతే ఒక ఇంప్లాంట్ పెడతారు. దవడంతా బోసిపోతే నాలుగైదు మరల మీద మొత్తం పళ్ళ వరస నిలబెడతారు.

ఇది ఎన్నేళ్లు వస్తుందని అడగని రోగి ఉండడు. ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని నమ్మకపోవడమే మంచిది. భాగాలు వేరు, వాటి ఆయుష్షులూ వేరు. ఎముకలో బాగా అతుక్కున్న మర దశాబ్దాలు నిలుస్తుంది. క్యాప్ నమిలి నమిలి అరుగుతుంది, పెచ్చులూడుతుంది, కొన్నేళ్లకు మార్చవలసి రావచ్చు. స్క్రూ మధ్యలో వదులైతే మళ్లీ బిగించాలి. వీటన్నిటికంటే ముఖ్యం, మరను పట్టుకుని ఉన్న చిగురు, ఎముక. టైటానియం పుచ్చిపోదు. దాని చుట్టూ ఉన్న ఎముక మాత్రం కరుగుతుంది, ఆ కరగడం ఎక్కువగా శుభ్రత మీదే ఆధారపడి ఉంటుంది.

ఎముకతో అతుకు

పోయిన పంటి చోట మరొకటి నాటాలన్న ఆలోచన చాలా పాతది. 1931లో హోండురాస్‌లో దొరికిన మాయా నాగరికత నాటి దవడ ముక్కలో ముందు పళ్ళ స్థానంలో చెక్కిన గుల్ల ముక్కలు ఉన్నాయి. అది సుమారు క్రీ.శ. 600 నాటిది. 1970లలో ఎక్స్‌రే తీస్తే ఆ ముక్కల చుట్టూ ఎముక పెరిగిన గుర్తులు కనిపించాయి. అంటే వాటిని బతికున్న మనిషికే అమర్చారు.

ఆధునిక ఇంప్లాంట్‌కు మూలపురుషుడు స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929–2014). ఆయన దంతవైద్యుడు కాదు. 1950లలో లుండ్ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల కాలి ఎముకలో రక్తప్రసరణ ఎలా సాగుతుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాలు అమర్చారు. ప్రయోగం ముగిశాక వాటిని తీయబోతే ఊడి రాలేదు. ఎముక లోహాన్ని పట్టేసింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి కింది దవడలో నాలుగు మరలు బిగించారు. పుట్టుకతోనే దవడ లోపాలున్న మనిషి ఆయన, కింది దవడలో పళ్ళు లేవు. 2006లో చనిపోయేదాకా, 40 ఏళ్లకు పైగా, ఆ మరలు ఆయన నోట్లో పనిచేశాయి.

ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందని చెప్పేవారు తరచూ లార్సన్ ఉదాహరణే చూపిస్తారు. అది నిజమైన ఉదాహరణే గాని ఒక్క మనిషి అనుభవం అందరికీ హామీ కాదు. తొలి రోజుల్లో బిగించినవాటిలో చాలా మరలు ఊడిపోయాయి కూడా. స్వీడన్ దంతవైద్య ప్రపంచం బ్రోనెమార్క్ మాటను ఏళ్ల తరబడి నమ్మలేదు. 1982లో కెనడాలో జార్జి జార్బ్ నిర్వహించిన టొరంటో సదస్సులో దీర్ఘకాల ఫలితాలు చూశాకే ఉత్తర అమెరికా దంతవైద్యులు ఈ పద్ధతిని ఒప్పుకున్నారు.

గాలి తగిలిన మరుక్షణమే టైటానియం మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీరం ఆ పొరను పరాయి వస్తువుగా తోసెయ్యదు. ఎముక కణాలు దాని మీదికి పాకి, గరుకు ఉపరితలంలోని సందుల్లోకి పెరిగి బిగిసిపోతాయి. అందుకు ఎముక బతికి ఉండాలి. డ్రిల్లింగ్ వేడికి ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దాటి ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుందని 1980లలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆపరేషన్ చేస్తున్నంతసేపూ చల్లని సెలైన్ పోస్తూ ఉండటం ఇందుకే.

బిగించిన రోజున మర గట్టిగానే ఉంటుంది, కాని అది చెక్కలో మేకు నిలిచే తరహా పట్టు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పాత ఎముక కొంత కరిగి కొత్తది ఇంకా పూర్తిగా రాని దశలో ఆ పట్టు తగ్గుతుంది. నొప్పి పోయింది కదా అని రోగి గట్టివి నమలడం మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. బ్రోనెమార్క్ కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగమనేవారు. ఉపరితలాలు మెరుగయ్యాక ఇప్పుడు అంతకాలం ఆగనక్కరలేదు. ఎముక దిట్టంగా ఉంటే అదే రోజు తాత్కాలిక పళ్ళు పెట్టడమూ ఉంది. ఆ సదుపాయం అందరికీ కుదరదు. కుదరని చోట తొందరపెట్టేది రోగి అయినా డాక్టరు ఒప్పుకోకూడదు.

అంకెలు ఏం చెబుతున్నాయి

బ్రోనెమార్క్ బృందం 1981లో 15 ఏళ్ల అనుభవాన్ని ప్రచురించింది. ఐదు నుంచి తొమ్మిదేళ్లు గమనించిన మరల్లో పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం గట్టిగా నిలిచాయి. పై దవడ ఎముక, ముఖ్యంగా వెనకవైపు, మెత్తగా ఉంటుంది, దాని పైన సైనస్ గది ఉంటుంది. ఆ తేడా నేటికీ పూర్తిగా పోలేదు. 1986లో ఆల్బ్రెక్ట్‌సన్, జార్బ్ తదితరులు విజయానికి కొలమానం పెట్టారు: మర కదలకూడదు, నొప్పి, చీము ఉండకూడదు, మొదటి ఏడాది తర్వాత ఎముక తరుగుదల ఏటా 0.2 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఐదేళ్లకు 85 శాతం, పదేళ్లకు 80 శాతం మరలు ఈ పరీక్షలో నెగ్గితే పద్ధతి విజయవంతమైనట్టు లెక్క.

2019లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలో పదేళ్ల తర్వాత 96.4 శాతం మరలు నోట్లో ఉన్నట్టు తేలింది. మధ్యలో కనిపించకుండా పోయిన రోగులను కూడా అంచనా కట్టి కలిపితే అది 93.2 శాతానికి తగ్గింది. ఈ సర్దుబాటు ఎంత ముఖ్యమో 20 ఏళ్ల లెక్కలో స్పష్టంగా తెలుస్తుంది. 2024లో వచ్చిన విశ్లేషణలో 20 ఏళ్లు నిలిచినవి 92 శాతం అని కనిపించినా, వైద్యుల దగ్గరకు రావడం మానేసినవారిని లెక్కలోకి తెస్తే 78 శాతానికి దిగింది. అంటే ఐదింటిలో నాలుగు. రెండు దశాబ్దాల పాటు పని చేసే అవయవ భాగానికి ఇది గొప్ప ఫలితమే. జీవితకాల గ్యారంటీ అని బోర్డు రాయడానికి మాత్రం చాలదు.

ఇంకొక తేడా రోగి గమనించాలి. మర నోట్లో ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. చీము కారుతూ సగం ఎముక పోయిన మర కూడా ఊడిపోనంతకాలం ‘నిలిచిన’ లెక్కలోకే వస్తుంది. స్వీడన్‌లో దాదాపు 600 మందిని తొమ్మిదేళ్ల తర్వాత పరీక్షిస్తే కనీసం ఒక మరను పోగొట్టుకున్నవారు 7.6 శాతమే. మధ్యస్థంగానో తీవ్రంగానో చుట్టూ ఎముక పోయే జబ్బు ఉన్నవారు మాత్రం 14.5 శాతం.

క్యాప్‌ల లెక్క మరలకంటే తక్కువ. ఒక్క పంటి ఇంప్లాంట్ల మీద 2012లో చేసిన సమీక్షలో పదేళ్లకు మరలు 95.2 శాతం, క్యాప్‌లు 89.4 శాతం నిలిచాయి. ఐదేళ్లలో 8.8 శాతం చోట్ల స్క్రూ వదులైంది, 3.5 శాతం చోట్ల పింగాణీ పూత పగిలింది. ఇవి ప్రమాదాలు కావు, నిర్వహణ ఖర్చులు. మొదటి రోజే రోగికి చెప్పవలసినవి. కంపెనీల గ్యారంటీ సాధారణంగా మర లోహానికే వర్తిస్తుంది. మళ్లీ చేసే ఆపరేషన్‌కు, కొత్త క్యాప్‌కు డబ్బు ఎవరు పెట్టుకోవాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

సహజమైన పంటికీ దీనికీ తేడా

పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన నారల పొర ఉంటుంది, పన్ను దానిలో ఉయ్యాల తాళ్లకు వేలాడినట్టు ఉంటుంది. నమిలేటప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కదులుతుంది. అన్నంలో రాయి తగలగానే నోరు ఆగిపోయేది ఆ పొరలోని నాడుల వల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అది కదిలేది 3 నుంచి 5 మైక్రాన్లు. ఎక్కువ బరువు పడినా తెలియజెప్పే నాడి లేదు కాబట్టి నొప్పి ముందస్తు హెచ్చరికగా రాదు. ఇంప్లాంట్ జబ్బులు ముదిరాక బయటపడటానికి ప్రధాన కారణం ఇదే.

చిగురు అతుకు కూడా బలహీనం. పంటి వేరులోకి చిగురు నారలు అడ్డంగా దిగి గట్టిగా పాతుకుంటాయి. ఇంప్లాంట్ పక్కన అవి నిలువుగా, చుట్టూ పట్టీలా మాత్రమే ఉంటాయి. సూక్ష్మక్రిములు ఆ సందు దాటితే అడ్డుకునేది తక్కువ. రక్తసరఫరా కూడా పంటి చుట్టూ ఉన్నంత ఉండదు.

అందుకే, వేరు గట్టిగా ఉండి రూట్ కెనాల్‌తో బాగుపడగల పన్నును తీసేసి ఇంప్లాంట్ పెట్టించుకోవడం తెలివైన బేరం కాదు. ఇంప్లాంట్ పోయిన పంటికి ప్రత్యామ్నాయం, ఉన్న పంటికి కాదు.

దవడ ఎదుగుదల ముగియని పిల్లలకు ఇంప్లాంట్ పెట్టరు. చుట్టూ ఉన్న పళ్ళు ఎముకతో పాటు కిందికి దిగుతుంటే మర ఉన్నచోటే ఉండిపోయి పన్ను పొట్టిగా కనిపిస్తుంది. పెద్దవారిలో కూడా పళ్ళు ఏళ్ల మీద కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి, ఇంప్లాంట్ జరగదు. పెట్టించుకున్న కొన్నేళ్లకు ఇంప్లాంట్‌కూ పక్క పంటికీ మధ్య ఖాళీ ఏర్పడి పీచు, మాంసం ఇరుక్కోవడం మొదలైతే డాక్టరు పని పాడుచేశాడని అనుకోనక్కరలేదు. క్యాప్ ఆకారం సరిచేస్తే పోతుంది. పట్టించుకోకుండా పుల్లతో కెలుకుతూ ఉంటే మాత్రం పక్క పన్ను పుచ్చుతుంది.

ఇంప్లాంట్‌ను పోగొట్టేవి

మొదటి నెలల్లోనే పోయే మరలు వేరు, ఏళ్ల తర్వాత పోయేవి వేరు. మొదటివి ఎముక అతుక్కోకపోవడం వల్ల పోతాయి: డ్రిల్ వేడి, ఇన్ఫెక్షన్, మెత్తని ఎముక, తొందరపాటు. తర్వాత పోయేవాటికి రెండు దార్లు. ఒకటి క్రిముల వల్ల వచ్చే వాపు, రెండోది మోయలేని బరువు.

వాపు రెండు దశల్లో వస్తుంది. మొదట చిగురు ఎర్రబడి, తాకితే రక్తం కారుతుంది. ఎముక ఇంకా చెక్కుచెదరదు. ఈ దశలో గార తీసి, శుభ్రత నేర్పితే నయమవుతుంది. వదిలేస్తే ఎముక కరగడం మొదలవుతుంది, దాన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. పోయిన ఎముకను పూర్తిగా తిరిగి రప్పించే చికిత్స ఇప్పటికీ లేదు. 2015 నాటి సమీక్ష ప్రకారం ఇంప్లాంట్లు ఉన్నవారిలో సుమారు 43 శాతానికి మొదటి దశ వాపు, 22 శాతానికి రెండో దశ ఉన్నాయి. బ్రెజిల్‌లో మొదటి దశ వాపు ఉన్న 80 మందిని ఐదేళ్లు గమనించారు. క్రమం తప్పకుండా డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకున్నవారిలో 18 శాతానికే ఎముక జబ్బు వచ్చింది, మానేసినవారిలో 43.9 శాతానికి వచ్చింది. ఇంప్లాంట్ సంరక్షణ గురించి ఒక్క అధ్యయనమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోవాలి.

చిగుళ్ల జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్నవారికి ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మిగిలిన పళ్ళ చిగుళ్లు బాగుచేయకుండా మర బిగించడం జబ్బు ఉన్న ఇంట్లోకి కొత్త మనిషిని తేవడమే. పొగాకు మరో పెద్ద శత్రువు. పొగతాగేవారిలో మరలు పోయే అవకాశం ఇంచుమించు రెట్టింపు. ఉత్తర కోస్తాలో నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు, అన్ని జిల్లాల్లోనూ పాకిన గుట్కా, ఖైనీ నోటి లోపలి చర్మాన్నే మార్చేస్తాయి, నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. ఈ అలవాట్లు ఉన్నవారికి ఇంప్లాంట్ కంటే ముందు నోటి పరీక్ష అవసరం.

షుగర్ ఉన్నవారికి ఇంప్లాంట్ పనికిరాదన్నది అపోహ. అదుపులో ఉంటే మిగతావారికి దగ్గరగానే ఫలితాలు వస్తాయి. అదుపు తప్పితే గాయం మానదు, వాపు తగ్గదు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూడకుండా ఆపరేషన్‌కు తేదీ ఇవ్వకూడదు. ఎముకలు గుల్లబారినందుకు వారానికో మాత్ర, ఆరు నెలలకో ఏడాదికో ఇంజెక్షన్ తీసుకుంటున్న పెద్దవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మందులు కొందరిలో దవడ ఎముక మానకుండా చేస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపెయ్యడమూ ప్రమాదమే. క్యాన్సర్‌కు దవడ మీద రేడియేషన్ తీసుకున్నవారి విషయంలో నిర్ణయం ఇద్దరు వైద్యులు కలిసి తీసుకోవాలి.

బరువు సంగతికొస్తే, నిద్రలో పళ్ళు పటపట కొరికేవారు క్యాప్‌లు పగలగొట్టుకుంటారు, స్క్రూలు వదులు చేసుకుంటారు. అరుదుగా మర కూడా విరుగుతుంది. వీరికి రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ చవకైన బీమా. ఇంకో కారణం రోగి చేతిలో లేనిది: క్యాప్ అతికించేటప్పుడు చిగురు కిందికి జారిపోయిన సిమెంటు. కంటికి కనిపించని ఆ తునక ఏళ్ల తరబడి వాపు రేపుతుంది. అందుకే వీలైన చోట స్క్రూతో బిగించే క్యాప్‌ను చాలామంది డాక్టర్లు ఇష్టపడతారు. అవసరమైతే విప్పి తీయవచ్చు కూడా.

రోజూ చేయవలసింది

మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, చిగురూ క్యాపూ కలిసే గీత మీద ఆనించి తోమాలి. అసలు పని అక్కడే ఉంది, పంటి మెరుపులో లేదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడి వాడకూడదు. వేపపుల్ల నమలడం ముందు పళ్ళ బయటి వైపును శుభ్రం చేస్తుంది గాని వెనక దవడ పంటి సందుకూ, లోపలి వైపుకూ చేరదు. ఇంప్లాంట్ ఉన్నవారు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

సందుల్లోకి బ్రష్ వెళ్లదు కాబట్టి చిన్న సీసా బ్రష్ ఆకారంలో ఉండే సందుల బ్రష్ వాడాలి. తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నదైతే మంచిది. సందు వెడల్పును బట్టి సైజు డాక్టరే చూపించాలి, ఒకే నోట్లో రెండు మూడు సైజులు కావలసి రావచ్చు. బ్రిడ్జి లేదా మొత్తం పళ్ళ వరస ఉంటే కింద దూర్చి లాగే దళసరి ఫ్లాస్ పనికొస్తుంది. వేళ్లు వణికే పెద్దవాళ్లకు నీళ్లు చిమ్మే వాటర్ ఫ్లాసర్ తేలిక. అది బ్రష్‌కు తోడు మాత్రమే. టూత్‌పిక్‌లు, పిన్నీసులు, అగ్గిపుల్లలు చిగురు అతుకును చీలుస్తాయి, విరిగిన తునక లోపలే ఉండిపోతుంది. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఇంప్లాంట్ బటన్ల మీద నిలిచేవైతే రోజూ తీసి, వాటి లోపలి వైపును, బటన్లను కూడా తోమాలి. బటన్లలోని నైలాన్ రింగులు అరిగి వదులవుతాయి, వాటిని అప్పుడప్పుడు మార్పించాలి.

ఆహారంలో నిషేధాలు తక్కువ. అతుకు పూర్తయ్యాక చేగోడీలు, జంతికలు, సకినాలు మామూలుగా తినవచ్చు. వక్కలు కొరకడం, మటన్ ఎముకలు నమిలి పగలగొట్టడం, చెరుకు పంటితో చీల్చడం, సీసా మూతలు తీయడం మానాలి. పింగాణీ పగిలేది ఇలాంటివాటితోనే.

టైటానియం అయస్కాంతానికి అంటుకోదు. ఇంప్లాంట్ ఉన్నవారు ఎంఆర్ఐ స్కాన్ తీయించుకోవచ్చు. నోటి దగ్గర మాత్రం బొమ్మ కొంత చెదురుతుంది, కాబట్టి స్కాన్ చేసేవారికి చెబితే చాలు.

డాక్టరు దగ్గర

క్యాప్ పెట్టిన రోజున ఒక ఎక్స్‌రే తీయాలి. తర్వాత ఎముక ఎంత తగ్గిందో చెప్పాలంటే పోల్చడానికి అదే ఆధారం. ఆ ఫిల్మ్ లేకపోతే ఐదేళ్ల తర్వాత ఏ డాక్టరైనా ఊహించాల్సిందే. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నవారు ఆరు నెలలకోసారి, చిగుళ్ల జబ్బు చరిత్ర, షుగర్, పొగాకు అలవాటు ఉన్నవారు మూడు నెలలకోసారి వెళ్లాలి. డాక్టరు సన్నని కొలత పుల్లతో నెమ్మదిగా లోతు చూస్తాడు. రక్తం, చీము వస్తే ఎక్స్‌రే తీస్తాడు. గార తీయడానికి టైటానియం లేదా ప్లాస్టిక్ తరహా మొనలు వాడాలి, ఉక్కు మొనలు మర మీద గీతలు పెడతాయి, గీతల్లో గార ఇంకా త్వరగా పేరుకుంటుంది.

ఇంప్లాంట్ దగ్గర రక్తం, చీము, చెడు వాసన, చిగురు కిందికి జరిగి లోహం కనిపించడం, పన్ను ఊగడం వీటిలో ఏది కనిపించినా అదే వారంలో వెళ్లాలి. ఊగేది క్యాప్ అయితే స్క్రూ బిగిస్తే సరిపోతుంది. ఆలస్యం చేస్తే స్క్రూ విరిగి ముక్క లోపల ఇరుక్కుంటుంది. ఊగేది మరే అయితే దాన్ని తీసెయ్యాల్సిందే. తీసిన చోట ఎముక మానాక మళ్లీ పెట్టవచ్చు గాని రెండోసారి విజయావకాశం మొదటిసారంత ఉండదు.

కాయితం

మార్కెట్లో ఇంప్లాంట్ కంపెనీలు వందల్లో ఉన్నాయి. ఒకదాని స్క్రూ మరొకదానికి పట్టదు. బిగించే పనిముట్టు కూడా తేడాగా ఉంటుంది. సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చి ఇంప్లాంట్ పెట్టించుకుని అమెరికాకో గల్ఫ్‌కో తిరిగివెళ్లే తెలుగువారికి ఇది నిజంగా చిక్కు తెచ్చే విషయం. అక్కడ స్క్రూ వదులైతే, ఏ కంపెనీ మరో తెలియని డాక్టరు ఏమీ చేయలేక క్యాప్ కోసి తీయవలసి రావచ్చు. మర పెట్టెలో దాని కంపెనీ పేరు, మోడల్, పొడవు, వ్యాసం, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు వస్తుంది. ఇంప్లాంట్ పెట్టించుకునే ప్రతి ఒక్కరూ ఆ స్టిక్కరు అంటించిన కాయితాన్ని, మొదటి ఎక్స్‌రే కాపీని డాక్టరును అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.